ఆరు నిమిషాల కరెంటు

"చచ్చిపోయిందా?" అని రాగిణి మూడోసారి అడిగింది.

"చావలే. మాట్లాడ్తలేదు, గంతే," అన్నాడు ప్రహ్లాద్.

చిక్కడపల్లిలో, సెల్లార్‌లోని అతని కంప్యూటర్ షాపులో, రాగిణి ఆఫీసు ల్యాప్‌టాప్ బల్లమీద నల్లమొహం వేసుకుని ఉంది. తప్పంతా అతనిదే. రెండు వేల సంవత్సరం వస్తే తేదీలు తప్పుతాయని, ముందే బయోస్ మార్చాలని నిన్న ఆమె తెస్తే, "ఐదు నిమిషాల పని మేడమ్" అని గొప్పలు పోయాడు. సగంలో కరెంటు పోయింది. మెషీన్‌ను నిద్రలేపే ఆ బయోస్ ప్రోగ్రామే చెరిగిపోయింది.

"మూడింటికి మా మేనేజర్ ఇది తీస్కొని బొంబాయి పోతడు. లేకుంటే నా నౌకరి పోతది."

"రికవరీ ఫ్లాపీ తయారుచేసిన. ఆరు నిమిషాలు కరెంటు ఉండాలె. మల్ల పోయిందనుకోండి, చిప్పే ఖతం."

"యూపీఎస్?"

"బ్యాటరీ పోయింది."

"దీని బ్యాటరీ?"

"గదీ పోయింది."

"మీ దగ్గర పోనిదేమన్న ఉన్నదా?"

"ధైర్యం ఉండె మేడమ్. ఇప్పుడే పోతున్నది."

ఆమె నవ్వలేదు. గడియారం రెండింటికి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈ ఎండాకాలమంతా రోజూ రెండింటికి కరెంటు కోత.

రాగిణి ఫోన్ అందుకుంది. "మా నాన్న గీ ఏరియా సబ్‌స్టేషన్‌ల ఆపరేటర్."

ప్రహ్లాద్ తల ఎత్తి చూశాడు. మూడు నెలలుగా ప్రింటర్ రిబ్బన్ వంకతో ఆమె వస్తోంది. నారాయణగూడలో రెండుసార్లు ఇరానీ చాయ్ తాగారు. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరూ పలకలేదు. "నా సంగతి ఏం చెప్తరు?"

"నిజం," అంది. నంబరు నొక్కింది. "నాన్నా, జర కోత ఆపవా? చిక్కడపల్లిల ఉన్న... రిపేర్ షాపుల... ఆఁ, ఇస్తున్న."

రిసీవర్ ప్రహ్లాద్ చెవికి చేరింది.

"ఎన్ని నిమిషాలు?" బరువైన గొంతు.

"ఆ... ఆరు, సార్."

"పది ఇస్తున్న." ఫోన్ పెట్టేశారు.

ప్రహ్లాద్ ఫ్లాపీ దూర్చి స్విచ్ నొక్కాడు. తెర వెలగలేదు. ఫ్లాపీ దగ్గర పచ్చదీపం మాత్రం మినుకుమంది, లోపల కరకర చప్పుడు. రాగిణి తనకు తెలియకుండానే అతని చొక్కా చేయి పట్టుకుంది. పైన ఫ్యాన్ ఒకసారి మందగించింది. ఇద్దరూ పైకి చూశారు. ఫ్యాన్ మళ్ళీ అందుకుంది.

బీప్!

తెల్లటి అక్షరాలు మెరిశాయి. సీరియల్ నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ. ల్యాప్‌టాప్ అడుగున అంటించిన నంబరు స్టిక్కర్ ఎప్పుడో అరిగిపోయింది.

"ఇది ఒక్కసారే రాయనిస్తది. తప్పయితే మీ ఆఫీసోళ్ళు ఇది మా మెషీనే కాదంటరు."

రాగిణి కళ్ళు మూసుకుంది. రోజూ గేట్‌పాస్ మీద రాసే నంబరు. ఒక్కో అంకె చెప్పింది, అతను ఒక్కో అంకె కొట్టాడు. మళ్ళీ వెనక నుంచి చెప్పించి సరిచూసుకున్నాడు. ఎంటర్. విండోస్ తెరుచుకుంది.

అంతలో ఫోన్ మోగింది. తను ఎత్తనన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. అతనే ఎత్తాడు.

"ఆన్ అయిందా?"

"అయింది సార్. చాలా థ్యాంక్స్."

"గది అట్లుంచు. మా ఇంట్ల ఫ్యాన్ ఆగి చెమటలు గారినా, నా బిడ్డ ఒక్కసారి కరెంటు అడగలే. ఇయ్యాల అడిగింది. నువ్వెవరు?"

రిపేర్ చేసేవాణ్ణి అంటే సరిపోయేది. ప్రహ్లాద్ రాగిణి వంక చూశాడు. ఆమె కూడా రిసీవర్‌కు చెవి ఆనించి ఆ జవాబు కోసమే ఎదురుచూస్తోంది.

"మీ అమ్మాయిని చేసుకుందామనుకుంటున్నోణ్ణి సార్. ఆమెకింకా చెప్పలే."



"చెప్పినవ్ కదా, వినే ఉంటది. ల్యాప్‌టాప్ ఇచ్చి ఇద్దరు ఇంటికి రాండ్రి. మీ ఆంటీ చాయ్ పెడ్తది. కరెంటు తీస్తున్న."

ఫ్యాన్ ఆగింది. చీకట్లో రాగిణి చేయి అతని చొక్కా వదిలి, మెల్లగా అతని వేళ్ళను వెతుక్కుంది.