ఎడమ దిక్కు స్టీరింగ్

ఒక చేతిల గొడుగు, ఇంకో చేతిల తోలుసంచి పట్టుకొని వచ్చిన అనసూర్య, జీపుకు ఎడమ దిక్కు నుంచి ఎక్కబోయి టక్కున ఆగింది. కూసోవలసిన కాడ స్టీరింగ్ ఉన్నది.

"గిదేంది? స్టీరింగ్ గిటున్నది!"

"అమెరికోళ్ల బండి నర్సమ్మా. వాళ్లకు గట్లనే ఉంటది. మీరు అటు తిరిగి రాండ్రి," అన్నడు లక్ష్మీరాజం, బానెట్ మీది దుమ్ము తుడుసుకుంట.

"అమెరికోళ్లు దీన్ని ఈడనే వదిలేసి ఎందుకు పోయిన్రో ఇప్పుడు సమజైంది, డ్రైవర్ సాబ్."

"డ్రైవర్ కాదు. ఓనర్‌ని."

"అట్లనా? మరి డ్రైవర్ ఎప్పుడొస్తడు?"

ఇచ్చోడ బస్టాండు కాడ చాయ తాగేటోళ్లందరు పకపక నవ్విన్రు. లక్ష్మీరాజం చెవులు ఎర్రబడ్డయి. ముంగటికి పోయి హ్యాండిల్ పెట్టి తిప్పిండు. ఇంజన్ దగ్గింది, తుమ్మింది, మూడోసారికి లేచింది.

అది అరవై రెండో సంవత్సరం వానకాలం. అనసూర్య కరీంనగర్ పిల్ల. పురుళ్లు పోసే నర్సు కొలువు మీద ఇచ్చోడ సర్కారు దవాఖానకు కొత్తగా వచ్చింది. ఆమె తిరగవలసిన ఊర్లన్నీ అడవిల ఉన్నయి. ఆ ఊర్లకు పోవాలంటె ఎడ్లబండన్న ఎక్కాలె, లేకుంటె లక్ష్మీరాజం జీపన్న ఎక్కాలె. లడాయి అయిపోయినంక మిలిటరీ వేలంల వాళ్ల బాపు కొన్న పెట్రోలు జీపు అది. బాపు పోయినంక బండీ, బండికున్న రోగాలూ అన్నీ కొడుక్కు వచ్చినయి.

మొదటిరోజే ఒక రోగం బయటపడ్డది. రాళ్లబాటల పోతుంటె గుప్పున పెట్రోలు వాసన కొట్టింది. లక్ష్మీరాజం బండి ఆపి కిందికి వంగి చూసిండు. సీటు కిందున్న టాంకి నుంచి చుక్కచుక్క కారుతున్నది.

"నర్సమ్మా, జర సబ్బుంటె ఇయ్యిండ్రి."

"చేతులు తర్వాత కడుక్కుందురు. ముందుగాల బండి సంగతి చూడుండ్రి."

"బండి కొరకే అడుగుతున్న. చిల్లికి సబ్బు పెడితె ఆగుతది."

అనసూర్య నమ్మలేదు. అయినా సంచిల నుంచి కొత్త సబ్బు తీసి ఇచ్చింది. లక్ష్మీరాజం దాన్ని మెత్తగ పిసికి చిల్లికి మెత్తిండు. కారుడు ఆగింది. అనసూర్య సబ్బు దిక్కు చూసింది. సగం మాయమైంది.

"మా బాపు పట్నం నుంచి తెప్పించిన మంచిగంధం సబ్బది," అన్నది ఏడుపు మొకంతోని.

"అందుకేనేమో, బండి ఇయ్యాల మంచిగ మురుస్తున్నది," అన్నడు లక్ష్మీరాజం.

నవ్వద్దని పెదవి కరుచుకున్నది గని, నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు లక్ష్మీరాజానికి నిద్ర లేకుంట చేసింది. తెల్లారి నుంచి ఆయన బండిని చూసుకునే తీరే మారింది. ప్లగ్గులు ఉప్పుకాయితంతోని గీకిండు. కార్బురేటర్ విప్పి నోటితోని ఊది శుభ్రం చేసిండు. కమానులకు గ్రీజు పట్టించిండు. ఆమె కూసునే సీటుకు కొత్త బట్ట కుట్టించిండు. రేడియేటర్ కారితె వంటింట్ల పసుపు డబ్బ తెచ్చి అందుల కుమ్మరించిండు.

"పసుపంత బండికే పెడితె కూరల నేనేం వెయ్యాల్రా?" అని తల్లి దేవవ్వ మొత్తుకున్నది. "పెండ్లాం లెక్క సూసుకుంటున్నవు దాన్ని!"

బండి కూడ మంచిగనే నడిచేది, అనసూర్య ఎక్కనన్ని రోజులు. ఆమె ఎక్కిన్నాడు ఏదో ఒకటి అయ్యేది. ఒకసారి నడి అడవిల జడివాన పట్టుకున్నది. ఇంజన్ ఠక్కున బందయింది. లక్ష్మీరాజం బానెట్ లేపి తల గోక్కున్నడు.

"కరెంటు పంచే గీ మూత లోపటికి తడి చేరింది. తుడుద్దామంటె ఒక్క పొడి బట్ట లేదు."

అనసూర్య గొడుగు పట్టుకొని దిగింది. సంచిల నుంచి దూది తీసి స్పిరిట్‌ల ముంచి ఇచ్చింది. "గీదాంతోని తుడువు. తడి జల్ది ఆరిపోతది."

ఒక్క గొడుగు కింద ఇద్దరు. గొడుగు ఇంజన్ మీదికి పడితె ఆమె తడుస్తున్నది, ఆమె మీదికి పడితె ఇంజన్ తడుస్తున్నది. ఆమె కొప్పు నుంచి జారిన చుక్క ఒకటి ఆయన చేతి మీద పడ్డది. లక్ష్మీరాజం తుడిచిన మూతనే మళ్ల తుడిచిండు.

"ఇంక చాలు. అరిగిపోతది," అన్నది అనసూర్య మెల్లగ.

ఇంజన్ లేచింది. "నా సంచిల సగం సామాను నీ బండికే అయితున్నది," అని ఆమె కోపం జేసింది. అప్పటిదాక మీరు మీరు అన్న మనిషి, ఆ వానల ఎప్పుడు నువ్వు అన్నదో ఇద్దరికీ తెల్వదు.

వానలు తగ్గేసరికి అనసూర్యకు ఏ పానా దేనికో తెలిసింది. చెయ్యి చాపితె చాలు, కావలసింది చేతిల పెట్టేది. గని ఆమె నోరు మాత్రం ఊరుకోదు. ఒకనాడు దవాఖాన ముంగటనే బండి మొరాయిస్తె, నలుగురిల నవ్వుకుంట అన్నది: "గీ బండి ఉన్నన్ని రోజులు నీకెవ్వలు పిల్లనియ్యరు, రాజం!"

అందరు నవ్విన్రు. లక్ష్మీరాజం నవ్వలేదు.

ఆ వారమే దేవవ్వ ఒక మాట మోసుకొచ్చింది. నర్సమ్మకు జగిత్యాల సంబంధం చూస్తున్నరట, పిల్లగాడు పంతులట, ఖాయం చేసేటందుకు వాళ్ల బాపు వస్తున్నడట. లక్ష్మీరాజానికి అన్నం సయించలేదు. ఎవరికి చెప్పుకోవాలె? డబ్బ బండి నడుపుకునేటోనికి అడిగే మొకమేడిది? బట్టల దుకాణం పెట్టి గద్దె మీద కూసుంటె అప్పుడన్న మనిషి లెక్క చూస్తరేమో అనుకున్నడు. ఎన్నటి నుంచో బండి అడుగుతున్న భైంసా పత్తి సేటుకు, వచ్చి కొనుక్కపొమ్మని కబురు పెట్టిండు.

సేటు వచ్చే రోజు పొద్దుగాల లక్ష్మీరాజం బండిని కడుగుతున్నడు. అనసూర్య ఉరికినట్టే వచ్చింది.

"బండి అమ్ముతున్నవట?"

"అవును."

"ఎందుకు?"

"నువ్వే అంటివి గదా, గిది ఉంటె పిల్లనియ్యరని."

అనసూర్య కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కోపంతోనో, ఇంక దేంతోనో.

"పిల్లనియ్యరు అన్న. పిల్ల రాదని అన్ననా?"

లక్ష్మీరాజం చేతిల బకెట్ పక్కకు ఒరిగింది. నీళ్లన్నీ కాళ్ల మీద పోయినా సోయి లేదు.

"మరి జగిత్యాల పంతులు?"

"నన్నడిగిన్రా? నువ్వడిగినవా? నువ్వు బండితోని మాట్లాడినన్ని మాటలు నాతోని ఎన్నడన్న మాట్లాడినవా?"

ఆయన నోరు తెరిచేలోపట వాకిట్ల రెండు అలికిడ్లు ఒక్కసారే అయినయి. తెల్ల ధోతి, భుజం మీద ఎర్రంచు కండువతోని ఒక పెద్దమనిషి బస్సు దిగి బిడ్డను వెతుక్కుంట వచ్చిండు. ఆయన అనసూర్య వాళ్ల బాపు లింగమూర్తి, చేనేత పని చేసేటాయన. ఆయన వెనుకనే ఒక గోండు రైతు వగర్చుకుంట వచ్చి చేతులు జోడించిండు. "నర్సుబాయీ, జల్ది రావాలె! నా ఇంటిదానికి పొద్దటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నరు."

అనసూర్య కండ్లు తుడుసుకున్నది. "రాజం, బండి తియ్యి."

"నేను ఇప్పుడే వస్తినమ్మా!" అన్నడు లింగమూర్తి.

"మీరూ ఎక్కుండ్రి బాపు. దారిల మాట్లాడుకుందాం."

దారిల మాట్లాడేటంత తీరిక ఎవరికీ దొరకలేదు. రాత్రి గుట్టల మీద పడ్డ వానకు వాగు నిండుగ పారుతున్నది. లక్ష్మీరాజం చిన్న గేరు లివర్లు రెండూ లాగి నాలుగు చక్రాలకూ జోరు ఇచ్చిండు. నీళ్లు అడుగుపలక దాక వచ్చినయి. లింగమూర్తి కండ్లు మూసుకొని కొండగట్టు అంజన్నకు మొక్కిండు. కండ్లు తెరిచేసరికి బండి అవతలి ఒడ్డు ఎక్కుతున్నది.

"పిల్లగా, మీ ఇంటిపేరేంది?" అని అడిగిండు, ఊపిరి తీసుకొని.

లక్ష్మీరాజం చెప్పిండు.

"మనోళ్లేనా!" అని లింగమూర్తి బిడ్డ దిక్కు చూసిండు. అనసూర్య అడవి దిక్కు చూసింది.

గోండు రైతు గుడిసెల అనసూర్య ఎంత పాటుపడ్డదో బయటున్నోళ్లకు వినపడుతనే ఉన్నది. లక్ష్మీరాజం ఒక్కచోట నిలువలేకపోయిండు. పొద్దు నడినెత్తి మీదికి వచ్చినంక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అనసూర్య చెమటలు కారుకుంట బయటికి వచ్చి, తండ్రిని దాటి, ముందుగాల లక్ష్మీరాజం దిక్కే చూసింది. "ఆడపిల్ల. ఇద్దరూ పైలమే," అన్నది. లింగమూర్తి అది కూడ చూసిండు.

తిరిగి వస్తుంటె గుట్ట ఎక్కే కాడ టప్పుమని చప్పుడైంది. ఫ్యాన్ బెల్టు తెగిపోయింది. రేడియేటర్ నుంచి పొగలు లేచినయి.

"పట్నం పోతె గని దొరకది," అని లక్ష్మీరాజం బాట మీద కూలబడ్డడు. "నన్ను మాఫ్ చెయ్యిండ్రి. మీ బిడ్డ దీన్ని చూసి నవ్వుడు తప్పు కాదు. గిది డబ్బ బండి."

లింగమూర్తి తెగిన బెల్టు తీసుకొని వేళ్లతోని కొలిచిండు. ఇంజన్ ముంగటి చిన్న చక్రాల మీద అది తిరిగే దారి చూసిండు. భుజం మీది కండువ తీసిండు.

"బాపూ, అది మీరు నేసుకున్నది!" అన్నది అనసూర్య.

"అందుకే తెగదు."

కండువను మూడు పేలికలు చేసి జడ లెక్క అల్లిండు. కొసలు కలిపి, ముడి కనపడకుంట బిడ్డ సంచిల ఉన్న సూది దారంతోని కుట్టిండు. లక్ష్మీరాజం చక్రాల మీద ఎక్కించిండు, అనసూర్య అడగకముందే పానా అందిచ్చింది. తిరిగి చూసుకుంటె ముగ్గురి చేతులకూ నల్ల గ్రీజే. ఇంజన్ చల్లారినంక నీళ్లు పోసి హ్యాండిల్ తిప్పిన్రు. ఎర్రంచు గిర్రున తిరిగింది.

లింగమూర్తి చంటిపిల్లగాని లెక్క చప్పట్లు కొట్టిండు. తర్వాత గొంతు సవరించుకొని, "జగిత్యాల సంబంధం సంగతి మాట్లాడుదామని వచ్చిన బిడ్డా," అన్నడు.

అనసూర్య తల వంచుకున్నది. "నాకొద్దు బాపు."

"ఎందుకొద్దో నేను అడగను. పొద్దటి నుంచి కండ్లార చూస్తనే ఉన్న," అన్నడు లింగమూర్తి. "ఏం పిల్లగా, నీకేమన్న చెప్పేదున్నదా?"

లక్ష్మీరాజం గ్రీజు చేతులు అంగికి తుడుసుకున్నడు. "మీ బిడ్డను... బండి కంటె మంచిగ చూసుకుంట," అన్నడు.

"బండిని చూసినట్టు చూసినా చాలు," అన్నది అనసూర్య నేల చూసుకుంట.

ఇచ్చోడ చేరేసరికి ఎండ వాలింది. ఇంటి ముంగట భైంసా సేటు కుర్చీల కూసొని ఉన్నడు. దేవవ్వ పక్కన నిలబడ్డది. బురదల మునిగిన బండిని చూసి సేటు లేచి వచ్చిండు. "ఏం రాజం, నన్ను రమ్మని నువ్వేడికి పోయినవు? ఇగ తాళం ఇయ్యి."

లక్ష్మీరాజం ఏదో అనబోయిండు. లింగమూర్తి చెయ్యి అడ్డం పెట్టి, గ్రీజు చేతులతోనే బండి దిగిండు.

"గీ బండి అమ్మరు సేటూ."

"నువ్వెవరయ్యా చెప్పేటందుకు?"

లింగమూర్తి బానెట్ మీద చెయ్యి వేసి దేవవ్వ దిక్కు తిరిగి నవ్విండు.

"అక్కా, జర చాయ పెట్టు. గిది మా అల్లుని బండి."