ఆమె రాయని మెయిలు

పాలు స్టవ్ మీద పెట్టి, ఆమె పెదవులు కదుపుతూ జవాబులు వల్లె వేసుకుంటోంది. ఇంజనీరింగ్ హెడ్ ఉద్యోగం. నెలన్నరగా నాలుగు రౌండ్లు దాటింది. కోడు రాయించారు, బోర్డు మీద డిజైన్లు గీయించారు, మేనేజర్లు ఇద్దరు గుచ్చి గుచ్చి అడిగారు. ఇక మిగిలింది ఇవాళ పది గంటలకు, వీడియోలో, కంపెనీ పెద్దతో ఆఖరి రౌండు.

రిక్రూటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ నిర్ణయం విని అందరం బాధపడ్డాం."

"ఏ నిర్ణయం?"

"తప్పుకుంటున్నానని నిన్న సాయంత్రం మెయిల్ పెట్టారుగా!"

"ఒక్క నిమిషం" అని లాప్‌టాప్ తెరిచింది. పంపిన మెయిళ్ళలో అన్నిటికన్నా పైన ఉంది. ఇంటి పరిస్థితుల వల్ల ఈ ఉద్యోగం వద్దట. కింద తన పేరు, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు. ఆ అలవాటు ఈ ఇంట్లో ఒక్కరికే ఉంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గబుక్కున గ్యాస్ కట్టేసి కేక పెట్టింది.

"పిచ్చుకా!"

పదమూడేళ్ళ కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వేనా?"

"ఊఁ."

"నీకేమైనా మతి పోయిందా? నాన్నకి తెలుసా?"

"నాన్నకి చెప్తే నీకు చెప్పేస్తాడుగా."

"ఎందుకు చేశావే?"

"పాత ఆఫీసులో టీమ్ లీడ్ అయ్యాక బాత్రూమ్‌లో పడిపోయావు కదా. నేను తలుపు బాదుతూనే ఉన్నాను. నువ్వు పలకలేదు." పిల్ల గుమ్మం చెక్కని గోటితో గీకింది. "అంబులెన్స్ వచ్చేదాకా తలుపు కింద సందులోంచి నీ వేళ్ళే చూస్తూ కూర్చున్నా. కదుల్తాయేమోనని."

అలసట, బీపీ, వారం విశ్రాంతి. ఆ రోజు గురించి ఆమెకు గుర్తున్నది అంతే. తలుపుకి అవతల ఎవరున్నారో ఈ రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. నేల మీదే కూలబడి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

"నాతో చెప్పొచ్చు కదే!"

"ఎప్పుడు చూసినా కాల్‌లో ఉంటావు కదమ్మా."

ఆ మాటకు ఆమెకు కన్నీళ్ళు ధారకట్టాయి. అంతలో ఫోన్ గుర్తొచ్చింది. రిక్రూటర్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఆ మెయిల్ మా అమ్మాయి పంపిందండీ. పదింటికి వస్తాను. కానీ ఈసారి ముందు నేను అడుగుతాను. సాయంత్రాలు, సెలవు రోజులు నావా, మీవా అని."

"జవాబు మీకు నచ్చకపోతే?"

"ఆ మెయిల్ నేనే రాశాననుకోండి."

పిచ్చుక ముక్కు తుడుచుకుంటూ తలెత్తింది. "నిజంగా అడుగుతావా?"

"కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చో. మర్చిపోతే గిల్లు."