ఆపేసిన మైకు

ఇడ్లీపాత్ర స్టవ్ మీద పెట్టి, రూతు ఫోన్ తీసింది. మొన్న యానాంలో తాము పాడిన రిసెప్షన్ వీడియో పెళ్లివారు పంపారు. పాలకొల్లులో ఆమె, భర్త విజయ్ పాల్ ఇరవై రెండేళ్లుగా బ్యాండ్ నడుపుతున్నారు. ఆయన కీబోర్డు, ఆమె పాట. డ్రమ్స్, వయొలిన్లు ఇప్పుడు కూతురు దీవెన ల్యాప్‌టాప్‌లోంచి వస్తాయి. దానికి రూతు ఎప్పుడో సర్దుకుంది.

వీడియోలో రెండో చరణం దగ్గర ఆమెకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మొహం పక్కకి తిప్పుకుంది. పాట మాత్రం ఆగలేదు. ఆమె గొంతే, తేటగా సాగిపోతోంది! స్టేజీ మీద తన వైపున్న చిన్న స్పీకర్లో ఆమె విన్నది ఒకటి, జనం విన్నది ఇంకొకటి.

"దీవెనా! ఇదేంటి?"

దీవెన మొహం పాలిపోయింది. "నీ ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసిన పాటలమ్మా. జనానికి వెళ్లే నీ మైకు ఆపేసి..."

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ నుంచి. నాన్నగారే చెప్పారు."

ఐదు నెలలు!

వాకిట్లో స్పీకర్లు వ్యాన్‌కి ఎక్కిస్తున్న విజయ్ పాల్ లోపలికొచ్చాడు. "మధ్యాహ్నం భీమవరంలో ప్రోగ్రాం పెట్టుకుని ఇప్పుడీ గొడవేంటి రూతూ?"

"థైరాయిడ్ ఆపరేషనయినా దేవుడు నా గొంతు నిలబెట్టాడని చర్చిలో సాక్ష్యం చెప్పానండీ. మీరు పక్కనే నిలబడి ఆమెన్ అన్నారు!"

ఆయన తల దించుకున్నాడు. "నర్సాపురంలో నీ గొంతు జీరపోతే ముందు వరసలో వాళ్లు నవ్వారు. నువ్వు చూళ్లేదు. నేను తట్టుకోలేకపోయాను."

"వాళ్లు ఒక్కరోజు నవ్వారు. మీరు ఐదు నెలలు నన్ను బొమ్మని చేసి నిలబెట్టారు."

ఆ పూట ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు.

భీమవరంలో స్టేజీ ఎక్కబోతూ, "డ్రమ్స్ ఒక్కటే ఉంచు. రికార్డు గొంతు తీసేసి నా మైకు పెట్టు," అంది రూతు కూతురితో. విజయ్ పాల్ ఆమెకి అందేలా కీబోర్డు మీద శ్రుతి రెండు మెట్లు దించాడు.

మొదటి చరణం గట్టెక్కింది. రెండో దాంట్లో గొంతు పట్టేసింది. ఎవరో కిసుక్కుమన్నారు. దీవెన చెయ్యి ల్యాప్‌టాప్ మీదికి వెళ్లింది. విజయ్ పాల్ వద్దన్నట్టు తలూపి, ఎన్నడూ నోరు విప్పి పాడని మనిషి, ఆమె మైకులోకి వంగి ఆ లైను అందుకున్నాడు. పూర్తిగా అపశ్రుతి. రూతు ఊపిరి తీసుకుని, జీరగొంతుతోనే ఆయన్ని దారిలోకి లాక్కొచ్చింది.

స్టేజీ దిగాక, "తప్పయిపోయింది రూతూ," అన్నాడు.

"ఏది? పాడటమా, మైకు ఆపటమా?"

"రెండూనూ."

కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే రూతు ఫక్కున నవ్వేసింది.