బెస్ట్ సిస్టర్ ఫోటోకి దండ

కరీంనగర్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్ గోడకి స్పందన ఫోటో వేలాడుతోంది. కింద 'బెస్ట్ సిస్టర్ ఆఫ్ ది మంత్' అని ఇంగ్లీషులో రాసి ఉంది. పైన నిండుగా బంతిపూల దండ.

జమ్మికుంట నుంచి చెకప్‌కి వచ్చిన కొమురవ్వకి ఇంగ్లీషు రాదు. దండ మాత్రం బాగానే అర్థమైంది. ఆపరేషన్ అయినప్పుడు తనని కన్నతల్లిలా చూసుకున్న నర్సు!

"అయ్యో బిడ్డా, గింత చిన్న వయసుల పోతివా!" అని గుండెలు బాదుకుంటుంటే, స్పందనే వెనక నుంచి వచ్చి "ఏమైందవ్వా?" అని భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు కొమురవ్వ పెట్టిన కేకకి పై అంతస్తు డాక్టర్లు కూడా కిందికి పరుగెత్తుకొచ్చారు.

అయిదు నిమిషాల్లో ఆ దండ మేనేజర్ నిరంజన్ బల్ల మీద పడింది.

"నేనెప్పుడు సచ్చిన సార్?"

నిరంజన్ మంచిర్యాల పిల్లవాడు. ఎంబీఏ చేసి ఈ ఆసుపత్రిలో చేరి ఆర్నెల్లయింది. సిబ్బంది హుషారుగా పనిచేయాలంటే ముందు వాళ్ల మనసు తెలుసుకోవాలని అందరికీ క్లాసులు చెబుతుంటాడు. దాని మీద బోలెడన్ని స్లైడ్లు తయారుచేశాడు. కోపంగా ఉన్న స్పందన ఎదురుగా నిలబడితే ఏమనాలో మాత్రం ఒక్క స్లైడులోనూ లేదు.

"నిన్న సన్మానానికి మీరు రాలే. తెచ్చిన దండ వేస్ట్ అయితదని ఫోటోకు..."

"పేషెంట్‌కు ఫిట్స్ వచ్చినయి. వదిలిపెట్టి దండ ఏసుకోను రావాల్నా?"

"సారీ. దండ తీసేసిన్రు గద. ఫోటో మాత్రం ఉండనియ్యుండ్రి స్పందనా."

"అదే వద్దంటున్న." దండని బల్ల చివరికి నెట్టింది. "అందరం బాక్సులు విప్పి ఒక్కకాడ కలిపి తినెటోళ్లం. నిన్నటి సంది నాతోని ఎవ్వలు తింటలేరు. మమతక్క తన బాక్సు పట్టుకొని వేరే బల్ల కాడికి పోయింది."

"ఎందుకు?"

"మీరు అందరిని సిస్టర్ అంటరు. నన్నొక్కదాన్నే పేరు పెట్టి పిలుస్తరు. వాళ్లకు చెవులు లేవా సార్? సూటిగ చెప్పుండ్రి. అవార్డు నా పని చూసి ఇచ్చిన్రా, నా ముఖం చూసి ఇచ్చిన్రా?"

ఆమె పని బాగుంటుంది, అందులో అనుమానం లేదు. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు ఆ వార్డులోనే నిరంజన్‌కి ఏదో ఒక పని పడుతుంది, అదీ నిజమే. రెండింటిలో ఏది ముందో అతనికే తెలియదు. 'పని చూసే' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"సమజైంది," అంది స్పందన. "మా ఉట్నూర్ల సర్కారు దవాఖానల పోస్టు ఉన్నదట. వచ్చే నెల నుంచి అక్కడికే పోత."

ఆమె వెళ్లిపోయాక అతనికి బెంగ పట్టుకుంది. మంచి నర్సు పోతోందని కాదు, స్పందన పోతోందని. ఆ సంగతి కూడా అప్పుడే తెలిసొచ్చింది.

మర్నాడు స్టాఫ్ మీటింగులో నిరంజన్ ప్రొజెక్టర్ వేయలేదు.

"బెస్ట్ సిస్టర్ అవార్డు రద్దు చేస్తున్న. ఎవ్వలను అడగకుంట నేనొక్కన్నే డిసైడ్ చేసిన. నేను చెయ్యొద్దుండె. ఎందుకంటే..." చెమట తుడుచుకున్నాడు. "నాకు స్పందన అంటే ఇష్టం. గా సంగతి ఆమెకు నేనెన్నడు చెప్పలే. తప్పు నాది. ఆమె మీద కోపం పెట్టుకోకుండ్రి."

సీనియర్ నర్సు మమతారాణి చేతిలో సమోసా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

స్పందన లేచి నిలబడింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"నన్నడగకుంట ఇచ్చిన్రు. ఇప్పుడు నన్నడగకుంటనే గుంజుకుంటున్నరు. మీకు నేనంటే ఇష్టమైతే నా పని పని కాకుండ పోతదా సార్?"

ఇలా కూడా ఆలోచించవచ్చని నిరంజన్‌కి తట్టనే లేదు.

"మమతక్కా, నువ్వు చెప్పు. నేను పని చేస్తనా, చెయ్యనా?"

"నీ అంత ఎవ్వలు చేస్తరే పిల్లా!" మమతారాణి సమోసా పక్కన పెట్టింది. "కోపం నీ మీద కాదు. ఇన్నేండ్ల సంది చేస్తున్నం, సారు మమ్ముల ఒక్కమాట అడగలే. గందుకే మనసుకు కష్టమైంది."

"అయితే ఇగ అవార్డు ఎవ్వలకో మీరే చెప్పుండ్రి," అన్నాడు నిరంజన్.

"గీ నెల స్పందననే. వచ్చే నెల మాత్రం నేను," అంటూ మమతారాణి చెయ్యెత్తింది. నవ్వుకుంటూ అందరూ ఎత్తారు. స్పందన కళ్లు తుడుచుకుంది.

మీటింగ్ అయ్యేసరికి బయట ముసురు పట్టింది. మెట్ల దగ్గర నిరంజన్ ఆమెను అందుకున్నాడు.

"ఉట్నూర్ పోతున్నవా?"

"పోత." అతని ముఖం వాడిపోవడం ఆమె తీరిగ్గా చూసింది. "ఆదివారం పోయి సోమవారం డ్యూటీకి వస్త. బాపుతోని ఓ ముచ్చట చెప్పేదున్నది. కానీ ఏమని చెప్పాలె?"

"అంటే?"

"ఇష్టమని దవాఖాన అంతటికి చెప్పిన్రు సార్. నాకైతే ఇంకా చెప్పలే."