మాయమైన క్లిప్

“ఈసారి తుపాకీ పేలదు బొంగరం. నెత్తురు చుక్క కనబడదు. అయినా వందలమంది ఆడవాళ్ళు చచ్చిపోతారు. ఎందుకు పోయారో కూడా ఎవరికీ తెలీదు,” అన్నాడు చీఫ్.

ఆస్పత్రి వెనక ఆపిన అంబులెన్స్‌లో జరుగుతోంది బ్రీఫింగ్. చీఫ్ డ్రైవర్ యూనిఫాంలో ఉన్నాడు. సర్వీస్ ఇంజనీర్ వేషంలో ఉన్న ఏజెంట్ స్ట్రెచర్ మీద కూర్చుని మోకాలు ఆడిస్తున్నాడు. నిమిషం కుదురుగా ఉండలేడని డిపార్ట్‌మెంట్ అతనికి బొంగరం అని పేరు పెట్టింది. ఇవాళ మరీ కాలుగాలిన పిల్లిలా ఉన్నాడు.

“రొమ్ము క్యాన్సర్‌ని మొదట్లోనే పట్టుకోడానికి తీసే ఎక్స్‌రే ఉంది చూడు, మామోగ్రామ్? వాటిని చదవడంలో డాక్టర్లకి సాయం చేసే కొత్త సాఫ్ట్‌వేర్ ఇవాళ పన్నెండింటికి ఇక్కణ్ణించి దేశమంతా రిలీజవుతుంది. ఓ విదేశీ ముఠా దానికి నకిలీ తయారుచేసింది. అది ఎక్కితే క్యాన్సర్ తొలి గుర్తులు, ఆ సన్నటి తెల్లచుక్కలు, డాక్టర్ కంట పడకముందే చెరిగిపోతాయి. మన క్యాన్సర్ పరీక్షల ప్రోగ్రాం భ్రష్టుపట్టాక వాళ్ళ మెషీన్లు మనకే అమ్ముతారు.”

“నకిలీ ఎవరి దగ్గరుంది?”

“ముఠాలో మన మనిషి చిలక ఉంది. కన్సల్టెంట్ పేరుతో లోపలే ఉంది. ఆవిడ చూపిస్తుంది. ఇదుగో వాచీ. నొక్కావంటే ఆ గదిలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి.”

బొంగరం వాచీ పెట్టుకుని దిగాడు. ఆ ఆస్పత్రిలోనే పొద్దున తన అక్క మామోగ్రామ్ తీయించుకుందన్న సంగతి మాత్రం చీఫ్‌కి చెప్పలేదు. చెబితే మిషన్ నుంచి తప్పిస్తారు.

లిఫ్ట్ దగ్గర ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు, కారిడార్ మొత్తం తలతిప్పి చూసే అందం. చిలక తనే అయ్యుండాలి.

“ఈ లిఫ్ట్ ఏడో అంతస్తుకి వెళ్తుందా?” అన్నాడు బొంగరం.

“వెళ్తుంది. తలుపు మాత్రం తీయదు,” అందామె. కోడ్ సరిపోయింది. “బూడిదరంగు సూటు. క్యాంటీన్. పెన్‌డ్రైవ్ ఎడమ సాక్సులో ఉంది.”

అన్నీ అన్నట్టే జరిగాయి. సూటు మనిషి తిరగబడనైనా లేదు. పెన్‌డ్రైవ్ తీసుకుని కాలర్ మైకులో చెబితే, “శభాష్, వచ్చెయ్,” అన్నాడు చీఫ్.

ఇంకొకడైతే చేతులు దులుపుకుని ఇంటికి పోయేవాడు. ఇంత తేలిగ్గా దొరికేసరికి బొంగరానికి మనసు నిలవలేదు. కాళ్ళు వాటంతటవే అక్క కూర్చున్న వెయిటింగ్ హాల్లోకి లాక్కెళ్ళాయి.

అక్క అతని వేషాన్ని ఎగాదిగా చూసింది. “ఏరా, ఉద్యోగం మారావా?”

“తర్వాత చెప్తా. రిజల్ట్ ఏమన్నారు?”

“కొత్త సాఫ్ట్‌వేర్‌ని పొద్దుణ్ణించి ఇక్కడ ట్రయల్ నడుపుతున్నారట. అది చూసి అంతా క్లీన్ అందట. లోపల డాక్టరమ్మ ఇంకా చూడాలి. నువ్వెందుకురా అలా ఊగిపోతావు? పరీక్ష నాకా, నీకా?”

నాలుగేళ్ళ కిందట కూడా అక్క ఇలాగే నవ్వింది. అప్పుడు రొమ్ములో ఏదో అనుమానంగా కనిపిస్తే సూదితో ముక్క తీశారు. క్యాన్సర్ కాదని తేలింది. తీసిన చోటు గుర్తుగా బియ్యపు నూకంత మెటల్ క్లిప్ లోపలే వదిలేశారు. “నీకొక్కడికే అనుకున్నావా? నా ఒంట్లోనూ ఓ గాడ్జెట్ ఉంది,” అని చాన్నాళ్ళు ఏడిపించింది. ఆ రోజులు తలుచుకుంటే బొంగరానికి ఇప్పటికీ భయమే. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే.

సర్వీస్ కార్డు చూపించి, ఎక్స్‌రే బొమ్మలు చదివే రీడింగ్ రూంలో దూరాడు. పట్టపగలే చీకటి చేసిన గది. రెండు పెద్ద స్క్రీన్ల వెలుతురులో డాక్టరమ్మ ఒక్కతే కూర్చుని సణుగుతోంది.

“ఏం బాగుచేస్తావయ్యా? ముందు నా పాత బొమ్మలు నాకిప్పించు. పోయినేడాది బొమ్మ పక్కన పెట్టుకోకుండా ఈ ఏడాది బొమ్మ ఎలా చదవను? సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించాలట, ఇవాళ పాతవి చూడకూడదట! ఎర్రకోటు కన్సల్టెంట్‌గారి ఆర్డరు.”

ఎర్రకోటంటే చిలకే. బొంగరం ముందుకొచ్చాడు. “మేడమ్, వెయిటింగ్ హాల్లో నీలం చీర పేషెంట్ మా అక్క. ఆవిడ బొమ్మ ఒక్కసారి చూపిస్తారా?”

ఆవిడ చూపించింది. ఎక్కడా మచ్చ లేదు. ఒక్క చుక్కయినా లేదు.

“మరి మా అక్క క్లిప్ ఏది?”

“ఏం క్లిప్?”

అతను చెప్పాడు. డాక్టరమ్మ కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. “అది టైటానియమయ్యా! కరగదు. చిన్నగా, తెల్లగా ఉన్న ప్రతిదాన్నీ ఎవరో చెరిపేస్తున్నారు. క్యాన్సర్‌తోపాటు క్లిప్పునీ తుడిచేశారు.”

అంటే నకిలీ పొద్దుణ్ణించీ నడుస్తూనే ఉంది. జేబులో పెన్‌డ్రైవ్ ఉత్త ఎర. చిలక రెండు పంజరాల గింజలూ తింటోంది.

తలుపు తెరుచుకుంది. చిలక ట్యాబ్లెట్‌తో లోపలికొచ్చింది. గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలుంది.

“డాక్టర్‌గారూ, రిలీజ్‌కి ఒక్క వేలిముద్ర. ట్రయల్ బొమ్మలు మొదట చదివిన డాక్టరు అంతా బాగుందని పెట్టేశారు. పన్నెండు దాటితే పర్మిషన్ లాకైపోతుంది.”

డాక్టరమ్మ చేతులు కట్టుకుంది. “ఒకే బొమ్మని ఇద్దరం విడివిడిగా చదువుతాం. మొదటివాళ్ళు ఏమన్నారో రెండోవాళ్ళకి తెలియకూడదు. నువ్వు చెప్పేశావుగా తల్లీ, ఇక ఈ రీడింగ్ చెల్లదు. మళ్ళీ మొదట్నించీ రావాలి.”

నిజంగా ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ అలా నోరు జారరు. తన పప్పులుడకవని చిలకకి అర్థమైపోయింది. కోటులోంచి సైలెన్సర్ పిస్టల్ తీసి డాక్టరమ్మ కణతకి ఆనించింది. “వేలు పెట్టు. ఇంజనీరు కదిలితే నువ్వు పోతావు.”

బొంగరం చేతులు వెనక పెట్టుకుని వాచీ నొక్కాడు. అది సన్నగా కూత వేసి, ‘అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతోంది, దయచేసి వేచి ఉండండి’ అని చెప్పి ఊరుకుంది.

చిలక నవ్వి, ట్యాబ్లెట్ బల్ల అంచున పెట్టి, డాక్టరమ్మ మణికట్టు పట్టి దాని మీదికి వంచింది. గాజుకీ వేలికీ మధ్య కాగితం పట్టేంత సందుంది. ఆ క్షణంలో బొంగరం వెనక్కి వెళ్ళిన చేతులకి గోడకున్న ఓ స్విచ్ తగిలింది. పాతకాలం ఫిల్ములు చూసే లైట్‌బాక్స్ అది. చిలక ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంది. కళ్ళు మూసుకుని నొక్కేశాడు.

చీకటికి అలవాటుపడ్డ కళ్ళు ఒక్కసారిగా బైర్లు కమ్మాయి. చిలక చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ కింద కూర్చుండిపోయింది. బొంగరం దూకి పిస్టల్ లాగేశాడు. ట్యాబ్లెట్ నేలమీద పడి, పన్నెండు కొట్టి, ‘పర్మిషన్ రద్దు’ అని చూపించింది.

గార్డులు చిలకని తీసుకెళ్ళారు. డాక్టరమ్మ వెంటనే పనిలో దిగింది. నకిలీకి అందకుండా ఎక్స్‌రే మెషీన్‌లోనే ఉన్న అక్క అసలు బొమ్మ తెచ్చి, పక్కన పాతది పెట్టింది. క్లిప్ ఉన్నచోటే ఉంది. దాని పక్కన, పాతదాంట్లో లేనివి, చిటికెడు ఉప్పు చల్లినట్టు కొన్ని చుక్కలు.

“ఇవి కొత్తవి,” అందావిడ మెల్లగా. “సూదితో తీసి చూడాలి. చెడ్డదే అయినా ఇంత చిన్నగా దొరికింది, నయం చేసుకోవచ్చు. రెండేళ్ళాగితే నేను ఈ మాట అనలేకపోయేదాన్ని.”

బొంగరం కదలకుండా నిలబడ్డాడు. మోకాలు కూడా ఆడలేదు. భయంతో, సంతోషంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

హాల్లో అక్కకి చెప్పాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, “పద, సూది ఎప్పుడో కనుక్కుందాం. నువ్వు మాత్రం ఊగకు,” అంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్. అన్నట్టు, ఈ మిషన్‌లో పనికొచ్చిన గాడ్జెట్లన్నీ రేపు స్టోర్స్‌లో అప్పగించు.”

“కుదరదు సర్,” అన్నాడు బొంగరం. “పనికొచ్చింది ఒక్కటే. అది మా అక్క దగ్గరుంది.”