వేలిగురువు

విశాఖ బీచ్ రోడ్డులో ఆ ఏడాది ఎవరి చంకలో చూసినా చిన్న గిటారులాంటి ఉకులేలే, ఎవరి ఎడమచేతికి చూసినా పల్చటి బూడిదరంగు తొడుగు. ఆ తొడుగు పేరు వేలిగురువు. ఆరితేరిన వాద్యకారుడు వాయిస్తున్నప్పుడు మెదడు నుంచి వేళ్లకు వెళ్లే నాడీ సంకేతాలను, అంటే న్యూరల్ సిగ్నల్స్‌ని, పట్టుకుని నేర్చుకునేవాళ్ల కండరాలకు అందిస్తుంది. తీగల్ని కలిపి నొక్కి పలికించే సి, ఎఫ్, జి సెవెన్ కార్డులు వారం తిరక్కుండా పట్టుబడతాయి. ఆ తర్వాత తొడుగు తీసేసినా వేళ్లు సినిమా పాటలు వాయించేస్తాయి.

దాన్ని తయారుచేసిన డాక్టర్ మందాకిని ఒక సాయంత్రం ఇసుకలో జరుగుతున్న సామూహిక కచేరీకి వెళ్లింది. వందలమంది ఒకే పాట ఎత్తుకున్నారు. బి ఫ్లాట్ కార్డు రాబోతుండగా ఆ వందల చేతులూ పామును చూసినట్టు ఒక్కసారిగా తీగల మీంచి వెనక్కి వెళ్లాయి. రెప్పపాటు నిశ్శబ్దం. మళ్లీ పాట. వాయించేవాళ్లకి ఆ సంగతే తెలియలేదు. వింటున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు.

మర్నాడే వాద్యకారుడు సాల్మన్‌ని పిలిపించింది. తొడుగులన్నిటికీ మూలం అతని చేతి నుంచి రికార్డు చేసిన సంకేతాలే.

“బి ఫ్లాట్ దగ్గర చెయ్యెందుకు లాక్కుంటారు మీరు?”

“లాక్కుంటానా మేడమ్?” సాల్మన్ తెల్లబోయాడు.

అతను వాయిస్తున్న వీడియో చూపించింది. అతను దాన్ని మళ్లీ పెట్టి చూశాడు.

“చిన్నప్పుడు మా నాన్న కర్ర పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. ఆ కార్డుకి చూపుడువేలితో రెండు తీగలు కలిపి నొక్కాలి కదా, నాకు పడేది కాదు. తప్పినప్పుడల్లా వేళ్ల మీద కొట్టేవాడు.” చెయ్యి బల్ల కిందికి దాచుకున్నాడు. “మర్చిపోయాననే అనుకున్నాను. ఇంతమందికి అంటించానా?”

మందాకిని ఆ సంకేతాలను తీసేసి కొత్త తొడుగు విడుదల చేయించింది. పాటలు ఎక్కడా ఆగకుండా సాగిపోయాయి. నెల తిరక్కుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి.

“పాట బాగానే ఉందిట, గుండెకి తగలడం లేదుట,” అన్నాడు సంస్థ డైరెక్టర్ భూషణం. “పాతదే ఇమ్మంటున్నారు మందాకినిగారూ.”

“అది కర్రదెబ్బ సార్! ఆ మాట తెలిస్తే ఎవరూ అడగరు.”

“అయితే చెప్పి చూడండి.”

సాల్మన్ ఒప్పుకున్నాక ఆమె అంతా బయటపెట్టింది. జనం సిగ్గుపడతారనుకుంది. జనం సాల్మన్ కోసం ఏడ్చారు, అతని గుమ్మంలో పూలు పెట్టి వెళ్లారు. పాత తొడుగు కోసం మరింత ఎగబడ్డారు. ఆమె కుదరదంది. ఆమెకి చెప్పకుండానే సంస్థవాళ్లు పాత సంకేతాలు మళ్లీ చేర్చేశారు. రికార్డింగుకి కొత్త చేతులు కావాలని ప్రకటన కూడా ఇచ్చారు.

రాజీనామా ఇచ్చి తన సామాను తీసుకెళదామని వచ్చిన మందాకిని ప్రయోగశాల ముందు ఆగిపోయింది. వరండా పొడుగునా తల్లిదండ్రులు, పక్కన పిల్లలు. ఒక్క పిల్లా అల్లరి చేయడం లేదు.

ఒకామె కూతుర్ని ముందుకు తోసింది.

“మా పాపది రికార్డు చేయండి మేడమ్. బి ఫ్లాటొక్కటే కాదు, ఏ కార్డు దగ్గరైనా ఉలిక్కిపడుతుంది.”

పాప వేళ్ల కణుపులు నీలంగా కమిలి ఉన్నాయి. మందాకిని దగ్గరికి తీసుకుందామని వంగి చెయ్యి చాపింది.

పాప ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, వేళ్లు విప్పి, రెండు చేతులూ ముందుకు చాపింది.