జాగ్రత్తగా విరిచిన గొడుగులు

తడిసి ముద్దయిపోయి గొడుగుల షాపులో అడుగుపెట్టాడు అతను. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నా, గుండెలకు హత్తుకున్న లాప్‌టాప్ బ్యాగు మాత్రం పొడిగానే ఉంది.

బెంచీ వెనక కూర్చుని గొడుగు ఊచకు తీగ చుడుతున్న అమ్మాయి తలెత్తింది. ముందు అతన్ని కాదు, గుమ్మంలో మడుగు కడుతున్న నీళ్ళని చూసింది.

"రిపేరుకా?"

"కాదండీ. నాకసలు గొడుగే లేదు."

"గొడుగు లేకుండా గొడుగుల షాపుకొచ్చిన మొదటి మనిషి మీరే. మరేం కావాలి?"

"వెబ్‌సైటు... అంటే నేను చేసిపెడతాను. మీ నాన్నగారు రమ్మన్నారు."

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. మూల కుర్చీలో ఆమె తండ్రి నేరం చేసినవాడిలా కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు గొడుగులు బాగుచేసిన చేతులు ఆయనవి. రెండేళ్ళుగా అవి వణుకుతున్నాయి, పట్టకారు నిలవడం లేదు.

"నేనే పిలిచానమ్మా. ఇప్పుడందరూ ఫోన్లోనే వెతుకుతున్నారట. అందులో లేకపోతే మనం లేనట్టే."

"ఉన్నా లేనట్టే నాన్నా. విరిగితే పారేసి కొత్తది కొనుక్కుంటున్నారు. బాగుచేయించుకునే ఓపిక ఎవరికుంది?"

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. వానలు దంచి కొడుతున్నా షాపు చూరు కింద చేరేవాళ్ళు వాన తగ్గేదాకా నిలబడి, తగ్గాక థాంక్స్ చెప్పి వెళ్ళేవాళ్ళే. వేరే ఊళ్ళో ఉన్న ఆమె అక్కాబావా, వాళ్ళ దగ్గరికి వచ్చెయ్యమని పోరుతున్నారు. బావ తన ఆఫీసులో ఆమెకు ఉద్యోగం కూడా మాట్లాడి పెట్టాడు. ఈ వానలు వెనకబట్టేలోగా వెబ్‌సైటు వల్ల పని దొరికితే సరి, లేకపోతే షట్టరు దించేసి తండ్రీకూతుళ్ళు ఆ ఊరు వెళ్ళిపోవాలి. అదీ ఒప్పందం.

మొదటి రోజు అతనికి ఇదంతా ఒక చిన్న పని. వారం తిరిగేసరికి ఈ షాపు మూతపడకూడదని అతనికి ఆమె తండ్రి కంటే ఎక్కువ పట్టుదల వచ్చేసింది.

అందుకు కారణం ఆమె చీటీలు. రిపేరుకొచ్చిన ప్రతి గొడుక్కీ ఆమె ఒక చీటీ కడుతుంది. అది ఎలా విరిగిందో అందులో రాస్తుంది. 'ఎదురుగాలి.' 'బస్సు తలుపు.' 'పైన కూర్చున్నారు.' ఒకదాని మీద 'కోపం' అని ఉంది.

"కోపమని మీకెలా తెలుసు?"

"నేలకేసి కొడితే పిడి దగ్గర పగులుతుంది. గాలి ఎప్పుడూ పిడి జోలికి పోదు. చూడగానే తెలుస్తుంది వెబ్‌సైటు గారూ."

ఆ పిలుపు అతనికి అలా స్థిరపడిపోయింది. అతను కూడా ఊరుకోకుండా "గొడుగు మేడమ్" అనడం మొదలుపెట్టాడు. మేడమ్ ఫోటోకి ససేమిరా అంది. బతిమాలగా బతిమాలగా చేతులు మాత్రం తియ్యనిచ్చింది. ఆ చేతుల ఫోటో కింద 'మీ గొడుగు ఎలా విరిగిందో మేం చెబుతాం' అని రాశాడు. ఆర్డరు పంపినవాళ్ళకు దానంతటదే వెళ్ళే జవాబు కూడా తయారుచేశాడు: 'మీ గొడుగు సంగతి తెలిసింది. ఇక దిగులు పడకండి.'

అది చదివి ఆమె పకపకా నవ్వింది. "గొడుగు విరిగితే దిగులెవరు పడతారండీ?"

"పడేవాళ్ళు పడతారు."

వెబ్‌సైటు మొదలైంది. మొదటి వారంలో దాన్ని పదకొండుసార్లు తెరిచారు. తొమ్మిదిసార్లు తెరిచింది అతనే, మిగతా రెండుసార్లు ఆమె తండ్రి. మ్యాపులో షాపు పెట్టించాడు, యాడ్ ఇచ్చాడు, వీడియోలు తీశాడు. మూడు వారాలకు ఒక్క మెసేజ్ వచ్చింది. 'మీ దగ్గర కొత్త గొడుగులు అమ్ముతారా?' అని.

ఆ సాయంత్రం ఆమె ఖాళీ చీటీల కట్టకు రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పడేసింది. ఆ సొరుగు మూసిన చప్పుడు అతని గుండెల్లో తగిలింది.

ఆదివారం మధ్యాహ్నం అతను ఒక గొడుగు కొన్నాడు. గదికి తీసుకెళ్ళి, బట్ట చిరగకుండా ఊచకు గుడ్డ చుట్టి, పట్టకారుతో మెల్లిగా వంచాడు. తప్పని తెలుసు. అయినా వంచాడు. ఒక స్నేహితుడి చిరునామాతో, బాగయ్యాక వచ్చి తీసుకుంటామని రాసి, వెబ్‌సైటులో ఆర్డరు పెట్టి, గొడుగుని కొరియర్లో పంపించాడు. ఆ తర్వాత ఇంకో స్నేహితుడి పేరుతో ఇంకొకటి. అలా నెలన్నరలో ఆరు.

షాపుకి ప్రాణం లేచొచ్చింది. తండ్రి రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆమె పని చేస్తూ కూనిరాగం తీస్తోంది. అతను గుమ్మంలో నిలబడి అది వింటూ, తన అబద్ధం మీద తనే జాలిపడుతూ ఉండేవాడు.

ఒకరోజు పెద్దాయన ఫోన్ చేశాడు. "అబ్బాయ్, శుభవార్త! పెద్దల్లుడు శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు. రామని చెప్పేద్దామనుకుంటున్నాం. అంతా నీ చలవే."

లేని పనిని నమ్ముకుని ఆమె ఉన్న ఉద్యోగం వదులుకోబోతోంది. వానలో అప్పటికప్పుడే బయల్దేరాడు. ఆరు గొడుగులు కొన్న మనిషి, ఆరూ ఆమె బెంచీ మీదే ఉండటంతో మళ్ళీ తడుస్తూనే వెళ్ళాడు.

పెద్దాయన టీకి వెళ్ళినట్టున్నాడు. ఆమె ఒక్కతే ఉంది.

"మీకొక మాట చెప్పాలి. బావగారికి రామని చెప్పకండి. ఆ ఆర్డర్లు..."

"మీవే," అంది ఆమె, చేతిలో పని ఆపకుండా.

తర్వాత పట్టకారు పక్కన పెట్టి, గొడుగుల్ని అతని ముందు వరసగా పేర్చింది.

"ఆరు గొడుగులూ కట్టే పట్టీ నుంచి మూడో ఊచ దగ్గరే వంగాయి. ఆరింటికీ గుడ్డ మీంచి పడిన ఒకటే పట్టకారు నొక్కు. గాలికి లెక్క తెలియదు వెబ్‌సైటు గారూ."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండోది రాగానే."

"మరి నన్ను తిట్టలేదేం? అన్నీ ఎందుకు బాగుచేశారు?"

"మొదట ఒళ్ళు మండింది. మా మీద జాలేంటి అనుకున్నాను. కానీ నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకోవడం చూశారా? రెండేళ్ళైంది ఆయన్నలా చూసి. ఇంకొన్నాళ్ళు చూద్దామనిపించింది. పైగా ఒక్కదానికీ బట్ట చిరగలేదు. గొడుగుని అంత జాగ్రత్తగా విరిచినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

బయట వాన హోరు ఎక్కువైంది. ఆమె ఆరో గొడుగుకున్న చీటీ విప్పి, పెన్నుతో సహా అతని ముందుకు తోసింది. అది ఖాళీగా ఉంది.

"దీనికి కారణం మీరే రాయండి."

తడి చేత్తో అతను రాశాడు. 'మీరు వెళ్ళిపోతారేమోనని.'

ఆమె చదివింది. చాలాసేపు చదివింది, ఉన్నది రెండే మాటలైనా. చీటీ మడిచి పర్సులో పెట్టుకుని, "మీ రైటింగు అస్సలు బాలేదు," అంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఉండిపోవచ్చు కదా."

"ఎలా? వెబ్‌సైటు వల్ల నిజమైన గొడుగు ఒక్కటి కూడా రాలేదు. శుక్రవారం నేను బావకి వస్తున్నామనే చెప్తాను."

అతను పెన్నుకి మూత పెట్టి బెంచీ మీద పెట్టాడు.

షాపు ఖాళీ చేసిన రోజున అతనే సామాను మోశాడు. ఆమె ఆటో కోసం వీధి చివరికి వెళ్ళినప్పుడు పెద్దాయన అతన్ని దగ్గరికి పిలిచి, తాడుతో కట్టిన గొడుగుల కట్ట చేతిలో పెట్టాడు. ఆరు ఉన్నాయి.

"నీవేగా, తీసుకెళ్ళు."

"మీకూ తెలుసా!"

"నలభై ఏళ్ళ పనయ్యా. చేతులు వణుకుతున్నాయి గానీ కళ్ళు బానే ఉన్నాయి. మొదటిది చూడగానే తెలిసింది. అమ్మాయి మళ్ళీ కూనిరాగం తీస్తోంది కదా అని ఊరుకున్నా. రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని నమ్మినట్టు కూర్చున్నా. రామని చెప్పేద్దామని ఫోన్ చేసింది కూడా నువ్వే వచ్చి దానికి నిజం చెప్తావనే. దానికి చెప్పకేం."

అతను చెప్పలేదు. ఆయన కోసం ఆమె, ఆమె కోసం ఆయన, ఇద్దరి కోసం తను. షాపు నెలన్నర పాటు అలా నడిచింది. షట్టరు దించుతుంటే పెద్దాయన చేతులు మరీ వణికాయి, అతను తన చెయ్యి కూడా వేశాడు.

ఆటో కదిలేటప్పుడు ఆమె వెనక్కి చూసింది. చెయ్యి ఊపలేదు, అతనూ ఊపలేదు.

షాపు లేకపోయినా వెబ్‌సైటు తియ్యడానికి అతనికి మనసు రాలేదు. రోజూ ఒకసారి తెరిచి ఆ చేతుల ఫోటో చూసుకునేవాడు. ఫోన్ చేయాలనిపించేది. ఏ ముఖం పెట్టుకుని చెయ్యాలో తెలియక ఊరుకునేవాడు. ఆ ఏడాది వానలు ఓ పట్టాన వదల్లేదు. ఎవరికో బాకీ ఉన్నట్టు రోజూ ముసురే.

నెల గడిచాక, ఒక గురువారం పొద్దున ఫోన్ టింగుమంది. వెబ్‌సైటుకి ఆర్డరు. అందులో అతను పెట్టిన ప్రశ్నల కింద జవాబులు.

గొడుగు ఎలా విరిగింది? 'విరగలేదు. ఒక్కదాన్నే పట్టుకుంటే సగం ఖాళీగా ఉంటోంది.'

ఎప్పుడు తెస్తారు? 'ఆదివారం, పదింటి బస్సుకి. నాన్నకి చెప్పే వస్తున్నాను. మీ ఇంట్లో మాట్లాడటానికి ఎప్పుడు రావాలో కనుక్కు రమ్మన్నాడు. ఉద్యోగం ఎక్కడైనా వెతుక్కోవచ్చట, జాగ్రత్తగా విరిచేవాడు దొరకడట. నువ్వు మాత్రం తడుస్తూ రాకు.'

'నువ్వు' అన్నచోట అతను ఆగిపోయాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాడు. జవాబేం రాయాలో తెలియక ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. అప్పటికే వెబ్‌సైటు తన జవాబు తను పంపేసింది.

'మీ గొడుగు సంగతి తెలిసింది. ఇక దిగులు పడకండి.'

ఆదివారం కూడా వాన కురిసింది. అతను ఆ కట్టలోంచి ఆరో గొడుగు తీసుకుని, గంట ముందే బస్టాండుకు వెళ్ళి నిలబడ్డాడు.